కలివి పొదను కంప అన్నవాళ్లకు

మా రోజుల్లో కొండ మీద ఏ పొద ఏం పెడుతుందో పిల్లోళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పేవాళ్లు కాదు. నడక గట్టిపడిన కొన్నాళ్లకే అక్కల వెంట, మేకల వెంట పోయి వాళ్లే తెలుసుకునేవాళ్లు. ఏ కాయ పచ్చిగా తినాలి, ఏది పండితే గానీ ముట్టకూడదు, దేని పాలు కంట్లో పడితే ప్రమాదం, ఏ పువ్వు నోట్లో పెట్టుకోవచ్చు అన్నవన్నీ బడిలో చేరకముందే వచ్చేసేవి. ఇప్పటి పిల్లవాడు కిరణజన్య సంయోగక్రియ గురించి గడగడా అప్పజెబుతాడు. వాణ్ని తీసుకుపోయి లంకమల కొండ కింద ఒక పొద ముందర నిలబెట్టి, "ఇదేం చెట్టు నాయనా?" అని అడిగితే, "ఏదో ముళ్ల కంప తాతా, దగ్గరికి పోవద్దు" అంటాడు. ఆ కంప పేరు కలివి. కడప జిల్లాలో బద్వేలు, సిద్దవటం దిక్కు పల్లెల్లో దాని పండు తినకుండా పెరిగిన మనిషి నా ఈడువాళ్లలో ఒక్కరు కూడా ఉండరు.

కలివి అనండి, కలిమి అనండి, కలే అనండి, అన్నీ ఆ ఒక్క పొదే. రాళ్ల నేలలో, గుట్టల వాలులో, నీళ్ల చుక్క నిలవని చోట నడుమెత్తున, కొన్నిచోట్ల మనిషెత్తున పెరుగుతుంది. ఆకులు చిన్నవి, మందం, నూనె రాసినట్టు నిగనిగలాడతాయి. కొమ్మ పొడుగునా జతలు జతలుగా ముళ్లు. అవి గుచ్చుకుంటే ఆ పూటంతా సలుపుతూనే ఉంటుంది. ఎండలు ముదిరేవేళకు పొద పొదంతా తెల్లగా పూస్తుంది. అయిదు రేకుల చిన్న పువ్వు, కాడ దగ్గర కాస్త గులాబీ చాయ, వాసన మాత్రం మల్లెకు తీసిపోదు. పొద్దు గుంకినాక గుట్ట మీది నుంచి గాలి మళ్లితే, కలివి పూసిందని ఇంటి అరుగు మీద పడుకున్న ముసలివాళ్లు కూడా చెప్పేవాళ్లు. వాళ్లు లెక్క కట్టుకునేది ఆ రోజు నుంచే. రోహిణి కార్తె ఎండలకు కాయ ముదురుతుంది, మృగశిర వానలు పడితే ఎర్రబడి, ఆపైన నల్లబడుతుంది. అప్పటికి మామిడి అయిపోవస్తుంది, సీతాఫలం ఇంకా రాదు. ఆ నడుమ నెలల్లో పేదోడి ఇంటికి పండు ఇచ్చింది కలివే.

ఆ పండు తినడానికి ఒక పద్ధతి ఉంది. కొమ్మను ఎడమ చేత్తో పైకెత్తకూడదు, ముళ్లు మణికట్టుకు దిగుతాయి. ముళ్లకు ఎదురుపోకుండా పొద కింది వైపు నుంచి రెండు వేళ్లు పోనిచ్చి, పండును పట్టుకుని ఒక్క మెలిక తిప్పాలి. తొడిమ దగ్గర తెల్లటి పాల బొట్టు ఉబుకుతుంది. దాన్ని చొక్కాకు తుడిస్తే మరక ఎన్ని ఉతుకులకూ పోదు. అందుకని పక్కనున్న రాతికో, ఆకుకో రుద్దేవాళ్లం. ఆ పాలు తుడవకుండా నోట్లో వేసుకుంటే పెదవులు జిగురుతో అతుక్కుంటాయి. తుడిచి నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెనక నాలుక అంచున సన్నటి పులుపు, ఆ తర్వాత చిన్న వగరు. లోపల ముదురు ఎరుపు గుజ్జు, కొన్ని చిన్న గింజలు. ఎవడెంత తిన్నాడో నాలుక బయటపెడితే తెలిసిపోయేది, ఊదారంగు అబద్ధం చెప్పనిచ్చేది కాదు. మిగిలినవి మోదుగాకు దొన్నెలో పోసుకుని ఇంట్లో చెల్లెలికి తెచ్చేవాళ్లం. ఒక్కడే తిని ఉత్త చేతులతో ఇంటికొచ్చినవాణ్ని మా అవ్వ వాకిట్లోనే నిలబెట్టి అడిగేది.

కొండ మీద మా నోటికి అందింది ఇదొక్కటే కాదు. ఎండాకాలం మొదట్లో వాగు ఒడ్డు రాళ్ల మీద ఆరెపూల పొదలు ఎర్రగా మండేవి. ఆయుర్వేదం వాళ్లు దాన్నే ధాతకి అంటారు. సన్నటి గొట్టాల్లాంటి ఆ పువ్వును కోసి కాడ వైపు నుంచి పీలిస్తే తేనె నాలుకకు తగులుతుంది. అరిష్టాలు, ఆసవాలు పులియడానికి వైద్యులు వేసేది ఆ పువ్వునే. ఇవాళ మందుల అంగడిలో అశ్వగంధారిష్టం సీసా కొనేవాడు ఆ పువ్వు పెరిగే గుట్టను ఏ రోజూ చూడడు. తంగేడు పూలు ఎండబెట్టి కషాయం కాచేవాళ్లు. పరికి పండ్లు, బలుసు పండ్లు, చిట్టీత పండ్లు ఒకదాని వెనక ఒకటి వరస తప్పకుండా వచ్చేవి. బతికుంటే బలుసాకు తినైనా బతకొచ్చని మన పెద్దలు ఊరికే అనలేదు. కరువు చూసినవాళ్ల నోటి నుంచి వచ్చిన మాట అది. వానలు ఎగ్గొట్టిన ఏడు గాదెలో గింజ లేకున్నా గుట్ట మీద ఆకు ఉంది, కాయ ఉంది. విత్తనం కొనలేదు, నీరు కట్టలేదు, మందు చల్లలేదు, అయినా అది పెట్టింది.

వంటింట్లో కలివి పచ్చికాయకు ఇంకా పెద్ద మర్యాద ఉండేది. కాయ గట్టిగా, ఆకుపచ్చగా ఉన్నప్పుడే కోసి తేవాలి. మా అవ్వ ముందు చేతులకు నూనె రాసుకునేది, లేకుంటే పాలు వేళ్లకు పట్టి వదలదు. కాయను రెండు చెక్కలు చేసి, గింజ గీరేసి, ఉప్పు నీళ్లలో వేసేది. కాసేపటికి జిగురంతా నీళ్లలోకి దిగిపోయేది. ఆ నీళ్లు పారబోసి మళ్లీ కడిగి పిండేది. అటుపక్క పెనం మీద చెనిక్కాయ పప్పులు, ఎండుమిరపకాయలు, జీలకర్ర వేయించేది. అన్నీ రోట్లో వేసి, తెల్లగడ్డ చితక్కొట్టి, కాయముక్కలు చివర్న వేసి బరకగా నూరేది. మెత్తగా నూరితే పులుపు మొత్తం ఒకేసారి నోటికి కొడుతుందని, బరకగా ఉంటే నమిలినకొద్దీ వస్తుందని చెప్పేది. వేడి రాగి సంగటి ముద్దలో గుంట చేసి, దాంట్లో నెయ్యి ఉంటే నెయ్యి, లేకుంటే నూనె వేసి, ఆ పచ్చడి పెట్టుకుని తింటే ఇంకో కూర అడిగినవాడు లేడు. చింతపండు ప్రియమైన ఏడాది పప్పులోకి పులుపు కూడా కలివే. కోస్తా వాళ్లు వాక్కాయ పప్పు, వాక్కాయ పులిహోర అని గొప్పగా చెప్పుకుంటారు. ఆ వాక్కాయ మా కలివికి అక్క వరస. అది కాయ పెద్దది, పులుపెక్కువ, పెరట్లో పెరుగుతుంది. ఇది చిన్నది, పండితే తీపెక్కువ, ఎక్కువగా కొండల్లోనే పెరుగుతుంది.

ఇప్పుడు మా ఊరి సెంటర్లో బేకరీ పెట్టారు. సాయంత్రమైతే పిల్లోళ్లంతా అక్కడే. బన్ను మీద, కేకు మీద, ఐస్‌క్రీం మీద ఎర్రగా మెరిసే ముక్కలు పెట్టి చెర్రీలు అంటారు. మన అంగళ్లలో అలా అమ్మేవాటిలో చాలామటుకు చెర్రీలు కావు. వాక్కాయను గింజ తీసి, చక్కెర పాకంలో ఊరబెట్టి, ఎర్ర రంగు పట్టిస్తే అదే చెర్రీ అయి కూర్చుంటుంది. కిళ్లీలో గుచ్చేదీ ఎక్కువగా అదే. నాకు కడుపు మండేది ఇక్కడే. కలివి పండును పొద మీద ఉన్నప్పుడు ముట్టుకుంటే రోగమొస్తుందని పిల్లోడి చెయ్యి లాగేసిన తల్లిదండ్రులే, దాని అక్కను రంగులో ముంచి, రుచి చంపి, పరాయి పేరు పెట్టి ఇస్తే డబ్బులిచ్చి తినిపిస్తున్నారు. పక్క అంగట్లో ప్లాస్టిక్ డబ్బాలో కివి పండ్లు, స్ట్రాబెర్రీలు. ఎక్కడి నుంచో ఓడల్లో, లారీల్లో వచ్చి చేరిన పండుకు ఇంత ధర పెట్టడానికి వెనకాడరు. ఊరి వెనక గుట్ట మీద ఊరికే రాలిపోతున్న పండు మాత్రం నామోషీ.

మా రోజుల్లో ఇది నామోషీ కాదు, బతుకుదెరువు. గుట్ట కింది పల్లెల ఆడవాళ్లు తెల్లారకముందే కొండెక్కి, పొద్దు ఎక్కేలోపు గంపలు నింపుకుని బద్వేలు సంతకు నడిచేవాళ్లు. పండ్లు నలగకుండా అడుగున పచ్చాకు, నడుమ పండ్లు, పైన తడిగుడ్డ. సోలతో కొలిచి పోసేవాళ్లు. పావలాకు దోసిలి నిండేది. ఆ డబ్బుతో ఉప్పూ మిరపకాయా కొనుక్కుని ఇంటికి పోయేవాళ్లు. పండు ఒక్కరోజు దాటితే మెత్తబడి నీరు కారుతుంది, అందుకని దళారికి దాచి అమ్మే వీలు లేదు. కోసినామె చేతి నుంచి నేరుగా తినేవాడి చేతికి పోయేది, డబ్బు కూడా అట్లాగే వచ్చేది. ఇప్పుడు ఆ సంతలో ఆ గంపలు ఎక్కడా కనపడవు.

పొలం గట్టున కలివి కంచె అంటే ఇంకో సంగతి. ఒకసారి పొద గట్టిపడిందంటే మేక దూరదు, పంది దూరదు, దొంగ అసలే దూరడు. ఏటేటా కొమ్మలు నరికి మళ్లీ అదే గట్టు మీద వేస్తే కంచె ఇంకా చిక్కనయ్యేది. ఇనుప తీగ తుప్పు పడుతుంది, రాతి స్తంభం లారీ తగిలితే విరుగుతుంది, ఈ కంచె మాత్రం తనంతట తానే పెరుగుతుంది. ఆ పొద నీడలో పిచికలు, బుల్‌బుల్ పిట్టలు గూళ్లు పెట్టేవి. అవి పండు తిని వేసిన గింజలు అక్కడే మొలిచేవి. ఇంకో గొప్ప పని కూడా చేసేది ఈ పొద. బయట మొలిచిన వేప మొక్కను మేక ఒక్క కొరుకుకు లేపేస్తుంది. కలివి పొద నడుమ మొలిచిన మొక్కను అది ముట్టలేదు. ముళ్ల కాపలాలో ఆ మొక్క పొద తలను దాటి ఎదిగి మాను అయ్యేది. గుట్ట మీద చెట్లు తిరిగి లేవాలంటే ముందు ఇట్లాంటి పొద ఉండాలి. దాన్ని కంప అని మంట పెట్టి, తర్వాత గుంతలు తవ్వి, హరితం పేరుతో మొక్కలు నాటి, నీళ్లు లేక ఎండబెట్టి, మళ్లీ మరుసటేడు అవే గుంతలు తవ్వుతారు. ఊరికే ఉన్నదాన్ని ఉండనిస్తే చాలని చెబితే వినే చెవి దొరకదు.

పిట్ట మాట వచ్చింది కాబట్టి మా కొండకు లోకంలో పేరు తెచ్చిన పక్షి గురించి చెప్పాలి. దాని పేరే కలివికోడి. ఈ పొదల మధ్య తిరుగుతుందని ఆ పేరు. 1848లో జెర్డన్ అనే దొర డాక్టరు ద్వారా అది శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. 1900 తర్వాత మళ్లీ ఎవరికీ కనపడకపోయేసరికి, అది భూమ్మీద లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ మా జిల్లా రెడ్డిపల్లె దగ్గర దాన్ని మళ్లీ కనుక్కున్నాడు. దారి చూపించింది మాత్రం రాత్రిపూట దీపం పట్టుకుని పిట్టల్ని పట్టే పల్లె వేటగాళ్లు. లోకమంతా లేదనుకున్న పక్షి వాళ్లకు తెలుసు, దానికి పేరు కూడా ఉంది. చదువుకున్నవాళ్లు అడవి ఎరిగినవాణ్ని అడిగితే ఏం దొరుకుతుందో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు తెలియదు. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా ఆ పక్షి తిరిగే నేల కోసం మార్చాల్సి వచ్చింది.

ఆ పక్షి కలివి పండు తినదు. దాని తిండి పురుగూ పుట్రా, చెదలూ చీమలూ. దానికి కావాల్సింది పొదకూ పొదకూ నడుమ కాస్త వట్టి నేల, పరుగెత్తడానికి చోటు, పగలు దాక్కోవడానికి ముళ్ల నీడ. చిక్కటి అడవి దానికి పనికిరాదు, చదును చేసిన చేను పనికిరాదు. మేకలు కొన్ని తిరుగుతూ, జనం కొద్దిగా కట్టెలు కొట్టుకుంటూ, పొదలు పొదలుగా నిలిచిన నేలే దానికి ఇల్లు. అచ్చం మా చిన్నప్పుడు మేం తిరిగిన గుట్ట కింది నేల అది. దాన్నే రికార్డుల్లో బీడు అని రాశారు. బీడు అని రాసిన మరుక్షణం దానికి దిక్కు లేకుండా పోయింది. ఒకడు నిమ్మతోట వేశాడు, ఒకడు రాయి కొట్టాడు, ఒకడు జేసీబీ పెట్టి ఒక్క పూటలో చదును చేశాడు. 2008 తర్వాత ఆ పక్షి జాడ చాలా ఏళ్లు ఎవరికీ దొరకలేదు. కంప పోతే పోయేది కంప ఒక్కటే అనుకున్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పోనీ, కంప మీద అంత పగ ఉన్నవాళ్లు అసలైన కంపను ఏమన్నా చేశారా? సర్కారు తుమ్మ ఇవాళ మా సీమ చెరువుల్ని, వంకల్ని, బీళ్లను ఆక్రమించి కూర్చుంది. 1870ల చివర్లో మద్రాసు ప్రభుత్వం సముద్రం అవతలి నుంచి విత్తనాలు తెప్పించి, వంటచెరుకు కోసమని దాన్ని నాటించింది. మొదట నాటిన చోట్లలో మా కడప జిల్లా కమలాపురం ఒకటి. సర్కారు పనిగట్టుకుని తెచ్చిన చెట్టు ఇప్పుడు లక్షల మంది పనిగట్టుకున్నా పోవడం లేదు. కొండ వాలుల్లో లాంటానా ఇంకో పక్క నుంచి కమ్ముకొస్తోంది. ఈ రెండింటి కింద కలివి మొలక ఊపిరాడక చస్తోంది. వచ్చిన చుట్టాన్ని ఇంటి నడుమ కూర్చోబెట్టి, పుట్టిన బిడ్డను వాకిట్లోకి గెంటినట్టుంది మన పని.

కొండకు పోయే దారి కూడా మూసుకుపోయింది. లంకమల, పాలకొండల దిక్కున ఎర్రచందనం దొంగతనాలు పెరిగినప్పటి నుంచి పల్లె మనిషి అడవి వైపు నడిస్తే చాలు, అనుమానంగా చూస్తారు. చేతిలో కొడవలి ఉంటే ఇంకా ఎక్కువ. దొంగల్ని పట్టుకోవాల్సిందే, నేను కాదనను. అయితే గంప పట్టుకుని పండ్లకు వెళ్లే ముసలమ్మకూ, దుంగలు మోసే ముఠాకూ తేడా తెలియకపోతే ఎట్లా? అడవి అంటే ఎర్రచందనం ఒక్కటే అన్నట్టు అయిపోయింది. కిలో ఇంత అని ధర పలికేదానికే కాపలా, ధర లేని పొదకు దిక్కు లేదు. తల్లిదండ్రులు కూడా అదే చెబుతున్నారు, గుట్ట ఎక్కితే కేసులు పడతాయని. ఒక తరం పిల్లలు కొండ కింద పుట్టి, కొండను దూరం నుంచి చూసి, పట్నానికి పోతున్నారు.

ఆ పట్నంలో మళ్లీ వాళ్లకే అడవి మీద ప్రేమ పుడుతుంది. ఫోనులో వీడియో చూస్తారు. ఈ అడవి పండు ఒక్కటి తింటే షుగరు పోతుంది, రక్తం పడుతుంది, ఏ జబ్బూ రాదు అని ఎవడో ఊదరగొడతాడు. కార్లేసుకుని వస్తారు. పండు కోయడం తెలియదు, కొమ్మ విరుస్తారు. పచ్చిదీ పండుదీ కలిపి సంచుల్లో నింపుకుంటారు, సగం దారిలోనే పారేస్తారు. వచ్చే ఏటికి ఆ కొమ్మ కాయదు. మేం పొద నుంచి పండు మొత్తం తుడిచిపెట్టేవాళ్లం కాదు. పై కొమ్మలవి పిట్టలకు, కింద రాలినవి నక్కలకు, అందినవే మనకు అని పెద్దలు చెప్పేవాళ్లు, మేం వినేవాళ్లం. ఇంకో ముఖ్యమైన సంగతి. కలివీ, గన్నేరూ ఒకే కుటుంబం మొక్కలు. రెంటికీ పాలు కారతాయి. ఒకటి పచ్చడి పెడుతుంది, ఇంకోటి ప్రాణం తీస్తుంది. ఫోనులో బొమ్మ చూసి అడవిలో ఏదీ నోట్లో పెట్టుకోకూడదు. తెలిసిన మనిషి వెంట పోయి, చెట్టు ముందర నిలబడి, ఆకూ ముల్లూ కాయా మూడూ పట్టి చూసి నేర్చుకోవాలి. ఆ తెలిసిన మనుషులు ఇంకా పల్లెల్లో ఉన్నారు. వాళ్లు పోతే ఆ చదువు ఏ పుస్తకంలోనూ పూర్తిగా దొరకదు.

ముళ్ల చెట్టుకు ఎవరు విలువిస్తారు అనేవాళ్లకు ఒక మాట. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు వాక్కాయలోనే పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ అని రకాలు తయారుచేశారు. వాక్కాయలో జెల్లీ గట్టిపడే గుణం ఉందని జాముకూ, ఊరగాయకూ వాడుకుంటున్నారు. ఎండకు తట్టుకుంటుంది, రాతి నేలలో బతుకుతుంది, కంచె అవుతుంది, కాయ ఇస్తుంది. బోరు వెయ్యి అడుగులు పోయినా చుక్క పడని మా సీమకు ఇంతకంటే తగిన మొక్క ఏముంది? మన నేలకు ఏది నప్పుతుందో మన కొండే చూపిస్తుంటే, నీళ్లు తాగే పంటల వెంట పరుగెత్తి అప్పులపాలవుతున్నాం.

నేను కొండకు తిరిగి పొమ్మని, మేకలు కాయమని ఎవరికీ చెప్పడం లేదు. చేతనైన పనులే అడుగుతున్నాను. పండిన కాయ గింజ ఎక్కువ రోజులు నిలవదు. తీసిన కొద్ది రోజుల్లోనే విత్తాలి. కాబట్టి వానాకాలంలో పండు తిన్నప్పుడే గింజ కడిగి, ఇసుకా ఎరువూ కలిపిన సంచిలో వేయండి. మరుసటి వానకు పొలం గట్టున నాటండి. చిన్న మొక్కను రెండేళ్లు మేకల నోటి నుంచి కాపాడితే చాలు, తర్వాత అదే మిమ్మల్ని కాపాడుతుంది. పల్లె బడుల చుట్టూ సిమెంటు గోడ కట్టడానికి డబ్బుల్లేవని ఏళ్ల తరబడి ఎదురుచూసే బదులు ఒక కలివి కంచె వేయండి. పిల్లోళ్లకు వృక్షశాస్త్రం గోడ పక్కనే దొరుకుతుంది, తినడానికి పండూ దొరుకుతుంది. పంచాయతీలో ఊరి పొరంబోకు ఎవరికైనా రాసిచ్చే తీర్మానం వస్తే, సంతకం పెట్టేముందు ఒక వేసవి, ఒక వానాకాలం ఆ నేల మీద తిరిగి చూడండి. అక్కడ ఏది పూస్తుందో, ఏది కాస్తుందో, ఎవరు కోసుకుంటారో, ఏ పిట్ట గూడు పెడుతుందో రాసుకోండి. అంతా రాసుకున్నాక కూడా అది బీడే అనిపిస్తే, అప్పుడు నాతో వాదానికి రండి.